వార్ధక్యమా, పడక ప్రభావమా? – వృద్ధుల కండర బలంపై వైద్య దృక్పథ పరిణామం

ఉపోద్ఘాతం:
'మంచం పట్టడం' అనే తెలుగు జాతీయంలో జబ్బు కారణం, మంచం దాని ఫలితం. మంచమే బలహీనతకు కారణం కాగలదన్న అవగాహన ఆధునిక వైద్యంలో 20వ శతాబ్దంలో గాని స్థిరపడలేదు. ఆ పరిణామాన్ని వృద్ధుల కండర బలం కోణం నుండి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

విశ్రాంతిపై విశ్వాసం:
లండన్ శస్త్రవైద్యుడు జాన్ హిల్టన్ ఉపన్యాసాలు 1863లో గ్రంథరూపం దాల్చి, విశ్రాంతిని చికిత్సగా ప్రతిపాదించాయి. గాయపడిన అవయవానికి ఆ సూత్రం మేలే చేసింది. అమెరికాలో సైలస్ వేర్ మిచెల్ 1870వ దశకంలో ప్రచారం చేసిన పద్ధతిలో రోగి వారాల తరబడి పడక దిగకూడదు. అయితే కదలిక లేని కండరాలకు మర్దననూ, విద్యుత్ ప్రేరణనూ ఆయనే సూచించారు. నిశ్చలత వల్ల కండరాలకు నష్టముంటుందన్న గ్రహింపు ఆనాడే ఉందనడానికి ఇది నిదర్శనం.

వార్డులో తలెత్తిన ప్రశ్న:
1935లో లండన్‌లోని వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రి, పక్కనే ఉన్న నిరుపేదల వైద్యశాలను తనలో కలుపుకుంది. అక్కడి 700కు పైగా పడకల బాధ్యత డాక్టర్ మార్జరీ వారెన్‌కు వచ్చింది. నయం కానివారిగా భావించి పడుకోబెట్టిన వృద్ధులను ఆమె పరీక్షించి, వర్గీకరించి, లేపి నడిపించే ప్రయత్నం చేశారు. వారిలో పలువురు ఇళ్లకు వెళ్లగలిగారు. 1947లో రిచర్డ్ ఆషర్ 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లో, పడక వల్ల దేహంలోని ఒక్కొక్క భాగానికి కలిగే హానిని వివరించారు.

కొలతల దశ:
1948లో డైట్రిక్ బృందం నలుగురు ఆరోగ్యవంతులైన యువకులను 6–7 వారాలు నడుము నుండి పాదాల వరకు పిండికట్టులో ఉంచి, కండర బలం తగ్గడాన్ని నమోదు చేసింది. యువకులకే ఇంత నష్టమైతే వృద్ధుల మాటేమిటి? 2007లో వెలువడిన కోర్టెబైన్ బృందం అధ్యయనంలో, సగటున 67 ఏళ్ల ఆరోగ్యవంతులు కేవలం 10 రోజుల పడకతో కాళ్లలో సుమారు ఒక కిలో కొవ్వేతర కణజాలాన్ని కోల్పోయారు.

నష్టం పూడ్చగలిగినదే అన్న ఆధారం అంతకుముందే లభించింది. 1990లో మరియా ఫియాటరోన్ బృందం బోస్టన్‌లో 86–96 ఏళ్ల వయసున్న పదిమందికి 8 వారాలు బరువులతో వ్యాయామం చేయించింది. శిక్షణ పూర్తిచేసినవారి తొడ కండరాల బలం సగటున 174 శాతం పెరిగింది.

ముగింపు:
ఈ అధ్యయనాల్లో పాల్గొన్నవారి సంఖ్య స్వల్పం. వయసుతో కండరం క్షీణించడమూ వాస్తవమే. అయినా వారెన్ వార్డు నుండి బోస్టన్ వరకు కనిపించే సూత్రం ఒకటే: వార్ధక్యానికి ఆపాదించిన బలహీనతలో కొంత భాగం పడక వల్ల కలిగినది. తనంతట తాను కుర్చీలోంచి లేవగలగడమే వృద్ధుల స్వతంత్ర జీవనానికి ఆధారం కనుక, ఆ భాగాన్ని వేరుచేసి గుర్తించడం వృద్ధవైద్య చరిత్రలో కీలకమైన మలుపు.