సింగరేణి బొగ్గు, దేశపు కర్బన లెక్క

ఇల్లందు పరిసరాల్లో 1871లో భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ బొగ్గు నిక్షేపాలను గుర్తించగా, 1889లో అక్కడ తవ్వకం మొదలై, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడి, 1945లో దాని వాటాల్లో అధిక భాగం నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. ఆ శాస్త్రజ్ఞుని పేరు ‘కింగ్ సీమ్’ అనే బొగ్గు పొరకు ఇప్పటికీ నిలిచి ఉంది. తొలినాళ్లలో ఈ బొగ్గును కొన్నవాటిలో రైల్వేలు ముఖ్యమైనవి కాగా, ఆవిరి ఇంజన్లు తెరమరుగవుతుండగానే కొత్తగూడెం, రామగుండం విద్యుత్ కేంద్రాలు వాటి చోటును ఆక్రమించి, గిరాకీని అంతకు ఎన్నో రెట్లు పెంచాయి.

బొగ్గుపై ఇంతగా ఆధారపడిన భారతదేశం 2070 నాటికి నికర శూన్య ఉద్గారాలను, అంటే గాలిలోకి వదిలే కర్బనమూ అడవులు మొదలైనవి తిరిగి పీల్చుకొనే కర్బనమూ సరిసమానమయ్యే స్థితిని, సాధిస్తామని 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో ప్రకటించింది. స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో సగం శిలాజేతర వనరులదే కావాలన్న 2030 నాటి లక్ష్యం 2025లోనే నెరవేరింది. ఇది చిన్న విజయమేమీ కాదు. అయితే స్థాపిత సామర్థ్యమంటే యంత్రాలన్నీ నిండుగా పనిచేస్తే రాగల విద్యుత్తే తప్ప నిజంగా వచ్చినది కాదు. పొద్దుగూకితే సౌర ఫలకాలు ఆగిపోతాయి గనుక, దేశంలో ఉత్పత్తయ్యే విద్యుత్తులో నూటికి 70 పాళ్లకు అటూఇటూగా ఇంకా బొగ్గుదే.

బొగ్గును వదిలితే ఉపాధి పోతుందన్న వాదనను సింగరేణి గతం అంతగా బలపరచదు. భూగర్భ గనుల్లో మందుగుండుతో పేల్చిన బొగ్గును ఫిల్లర్లనే కార్మికులు తట్టలతో, చెమ్మాసులనే పారలతో ఎత్తి టబ్బుల్లో నింపేవారు. 1970ల నడుమ రామగుండంలో ఓపెన్‌కాస్టు, అనగా పైమట్టిని యంత్రాలతో తొలగించి ఆరుబయట తవ్వే పద్ధతి, ప్రవేశించి క్రమంగా విస్తరించాక ఆ పనే కరువైంది. 1990ల ఆరంభంలో లక్ష దాటిన కార్మికుల సంఖ్య దాదాపు 40 వేలకు పడిపోగా, 2 కోట్ల టన్నులకు లోపున్న వార్షికోత్పత్తి 7 కోట్లకు చేరింది. కొలువులను తగ్గించినది సౌరవిద్యుత్తు కాదు, మరింత బొగ్గు కావాలన్న తొందరే.

సింగరేణి సంస్థ స్వయంగా 200 మెగావాట్లకు పైగా సౌర కేంద్రాలను నెలకొల్పినా, 2016లో తెలంగాణలోని జైపూర్‌లో 1200 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రాన్నీ ప్రారంభించింది. అలాంటి కేంద్రం ఒకసారి నిలిస్తే, పెట్టుబడి రాబట్టుకొనేందుకు పాతికేళ్లకు తక్కువ కాకుండా నడుస్తుంది. అక్కడే మరో 800 మెగావాట్ల యూనిట్‌కు ఆ సంస్థ పూనుకుంది.