కొండదారి, మేలుకొలుపు పాట

ఆధునిక యుగమున దైవభక్తి తగ్గిపోవుచున్నదని విచారించువారు కొందరు. తగ్గకపోగా మితిమీరుచున్నదని విచారించువారు మరికొందరు. ఈ రెండు విచారములును ఒకే వసారాలో కూర్చున్న తండ్రికొడుకుల నోట వినబడుటయు కలదు. చరిత్ర చదువువారికి ఈ వాదము అంతగా ఉపకరింపదు. భక్తిని కొలుచుటకు కుంచము ఎవరివద్దను లేదు. ఆచారమును మాత్రము కొంతవరకు కొలువవచ్చును. యాత్రికుడు ఎంత దూరము నడిచెను, ఎంతసేపు నిలిచియుండెను, దేవుని ఎదుట ఎన్ని క్షణములుండెను, ఏ పాట ఎవరి చెవిని బడెను అను విషయములకు శాసనములు, చట్టములు, గ్రామఫోను రికార్డులు సాక్ష్యమిచ్చును. తెలుగువారికి మిక్కిలి పరిచితమైన తిరుమల క్షేత్రమును తీసికొని, గడచిన 200 ఏండ్లలో అచ్చట కదలినదేమో, కదలక నిలిచినదేమో చూతము.

1830 మే నెలలో చెన్నపట్టణమునుండి ఏనుగుల వీరాస్వామయ్యగారు కాశికి బయలుదేరిరి. వారు చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ఇంటర్‌ప్రిటరు ఉద్యోగము చేసినవారు. పెద్ద పరివారముతో తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదుల మీదుగా సాగి, కాశి సేవించి, తిరిగి ఇల్లు చేరుటకు వారికి 15 నెలల 15 దినములు పట్టినది. ఆ యాత్రలో వ్రాసిన లేఖలే ‘కాశీయాత్ర చరిత్ర’గా 1838లో అచ్చయినవి. ఆనాటి యాత్ర అనగా దేవుని చూచుట ఒక్కటే కాదని ఆ పుస్తకము చదివినవారికి తెలియును. దారిలో నీరెక్కడ దొరకును, బియ్యమేమి ధర, సత్రము బాగుగా ఉన్నదా, ఏ ఊరిలో ఏ దొరతనమువారి అధికారము చెల్లును అను వివరములే పుటలకు పుటలు. నెలల తరబడి నడక, దానిలో కొన్ని గడియల దర్శనము. ఈ నిష్పత్తిని పాఠకులు మనసున ఉంచుకొనవలెను.

వీరాస్వామయ్యగారు కొండకు వెళ్ళిన నాటికి తిరుమల ఆలయము ఈస్టిండియా కంపెనీవారి పాలనలో ఉండెను. ఆర్కాటు నవాబునుండి రాజ్యముతోపాటు ఆలయపు రాబడియు వారికి సంక్రమించినది. 1821లో బ్రూస్ అను అధికారి ఆలయ నిర్వహణకు నిబంధనావళి నొకదానిని కూర్చెను. వేంకటేశ్వరుని కానుకలకు క్రైస్తవులైన దొరలు లెక్కలు వ్రాయించుట నేడు వింతగా తోచును. ఆనాడు ఇంగ్లండులోని మతప్రచారకులకు అంతకన్న వింతగాను, మహాపాపముగాను తోచినది. వారి ఆందోళన ఫలితముగా కంపెనీవారు ఆలయముల వ్యవహారమునుండి తప్పుకొనిరి. 1843లో తిరుమల యాజమాన్యమును హాథీరాంజీ మఠాధిపతులైన మహంతులకు అప్పగించిరి. ఉత్తరాది బైరాగుల మఠమువారు దక్షిణాది వైష్ణవాలయమును 90 ఏండ్లు నడిపిరి. 1933లో మదరాసు శాసనసభ చేసిన చట్టముచే తిరుమల తిరుపతి దేవస్థానముల కమిటీ ఏర్పడినది. దేవాలయ పాలనలో ప్రభుత్వమునకేమి పని యని నేడు వాదించువారును, ప్రభుత్వము లేనిదే దేవాలయము నడువదని వాదించువారును ఈ చరిత్రను ఒకమారు తిరుగవేయుట మంచిది. రాజులు, నవాబులు, కంపెనీ, మహంతులు, కమిటీలు - ఎవరో ఒకరి చేయి పడని కాలము ఆ ఆలయమునకు ఉన్నట్లు కనబడదు.

అసలు మార్పు తాళపుచెవులు చేతులు మారుటచే వచ్చినది కాదు, దారివలన వచ్చినది. 1944 ఏప్రిల్‌లో, మదరాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ కాలమున, తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు తెరచిరి. అంతవరకు కొండ నెక్కువారికి మెట్లే గతి. శక్తి చాలనివారికి డోలీ. అలిపిరినుండి సుమారు 3,550 మెట్లు. ముసలివారును, చంటిపిల్లల తల్లులును ఆ యెక్కుడులో పడిన శ్రమ తక్కువది కాదు. ఎందరో కొండ క్రిందనుండియే చేతులు జోడించి మరలిపోయి యుందురు. మోటారు బస్సు వచ్చిన పిదప పూటలో పట్టు దారి గంటలోనికి వచ్చినది. 1974లో రెండవ రోడ్డును వేసిరి. పైకిపోవు బండ్లకొకటి, దిగివచ్చు బండ్లకొకటి.

ఇంతలో ఇంకొక తలుపు తెరచుకొనినది. 1947లో మదరాసు రాష్ట్రమున ఆలయప్రవేశ చట్టము వచ్చి, అంటరానివారని దూరముంచబడిన జనులకు దేవాలయములలో అడుగుపెట్టు హక్కును చట్టబద్ధము చేసినది. రోడ్డు వేసినవారి పేరు శిలాఫలకముపై ఉండును. ఈ రెండవ దారి ఎక్కి మొదట లోనికి పోయిన కుటుంబముల పేర్లు ఏ ఫలకముపైనను ఉండవు. మా దృష్టిలో 20వ శతాబ్దిలో ఆ కొండపై జరిగిన మార్పులలో దీనికన్న పెద్దది లేదు.

దారి కురుచయైనకొలది వరుస పొడుగైనది. నేడు సాధారణ దినములలోనే 60, 70 వేలమంది దర్శనమునకు వచ్చుచున్నారు. ఇందరిని ఒక గర్భాలయపు వాకిట ఎట్లు నిలుపుట? గర్భగుడి గడపకు కులశేఖరపడి యని పేరు. కులశేఖరాళ్వారులు స్వామి వాకిట మెట్టుగా పడియుండుట చాలునని కోరుకొనిరట! ఆ గడపదాకా పోయి చూచు దర్శనము రద్దీ వలన లఘుదర్శనమైనది. అదియును చాలక, దూరమునుండియే చూచి కదలిపోవు మహాలఘుదర్శనము వచ్చినది. భక్తుడు కొన్ని గంటలు, పండుగ దినములలో ఒక రాత్రియు పగలును, కంపార్టుమెంటులలో కూర్చుండును. దేవుని ఎదుట నిలుచునది కొన్ని క్షణములు. వీరాస్వామయ్యగారి నాటి నిష్పత్తి చెడలేదని మేమందుము. శ్రమ దారినుండి వరుసలోనికి మారినది, అంతే. వరుసలో నిలిచినవాడు పక్కవానితో పులిహోర పంచుకొనును, పిల్లను ఎత్తుకొనును, గోవింద యనును. పూర్వము సత్రములలో జరిగినదే ఇచ్చట ఇనుపకమ్ముల నడుమ జరుగుచున్నది.

వరుసలన్నియు ఒక్కటి కావు సుమా. ఉచితమైన సర్వదర్శనము కలదు, 300 రూపాయల టికెట్టుతో ప్రత్యేక ప్రవేశము కలదు, సిఫారసు జాబుతో పోవు వరుస కలదు. చట్టము కులపు దూరమును తొలగించిన చోటనే ధనమును పలుకుబడియును క్రొత్త దూరమును కొలుచుచున్నవి. దీనిని సర్దుకొని పోవలసిన చిన్నమాటగా మేము తలపము.

వరుస ఒక్కొక్కప్పుడు ప్రాణములు తీసినది. వైకుంఠ ఏకాదశికి ఉత్తరద్వారమును పూర్వము రెండు దినములే తెరచుచుండిరి. 2020 డిసెంబరు నుండి శ్రీరంగపు మర్యాద ననుసరించి 10 దినములు తెరచుట మొదలిడిరి. జనము పలుచబడునని ఆశించుట సహజము. అయినను 2025 జనవరి 8న తిరుపతిలో ఆ దర్శనపు టోకెనుల కొరకు చేరిన గుంపులో తొక్కిసలాట జరిగి 6గురు మరణించిరి. వారు గుడిలో ప్రవేశించుటకు కాదు, గుడిలో ప్రవేశించు చీటీ కొరకు వచ్చినవారు. ఆచారము మారినపుడు ఆ మార్పునకు తగిన ఏర్పాటు కూడ మారవలెనని చెప్పుటకు ఇంతకన్న దారుణమైన నిదర్శనము అక్కరలేదు.

ఇక శ్రోతలకు మిక్కిలి దగ్గరి విషయము. శ్రీ వేంకటేశ్వర సుప్రభాతమును 15వ శతాబ్దిలో ప్రతివాదిభయంకరం అణ్ణన్ రచించెను. బంగారువాకిలి ముందు నిలిచి తెల్లవారుజామున దానిని పఠింతురు. ఎన్నో వందల ఏండ్లు ఆ పాటను ఆ వేళకు ఆ చోట వినగలిగినవారు కొలదిమంది. 1963లో శ్రీమతి ఎం. ఎస్. సుబ్బులక్ష్మి గానము చేసిన గ్రామఫోను రికార్డు వెలువడినది. ఆమె దాని రాయల్టీని దేవస్థానమువారి వేదపాఠశాలకు ఇచ్చివేసెను. రికార్డు వెనుక రేడియో, రేడియో వెనుక వంటింటి గూటిలో ట్రాన్సిస్టరు, ఆపై కాఫీహోటలు, బస్సుస్టాండు, పెండ్లిపందిరి. ఒక తరము గడచునప్పటికి కొండ నెన్నడును ఎక్కనివారికి, సంస్కృతము అక్షరమైన రానివారికి ఆ శ్లోకములు కంఠస్థమైనవి.

దీనిపై ఒక ఆక్షేపణ కలదు. పాలు కాచుచు, పిల్లలకు జడలు వేయుచు, గడియారము చూచుకొనుచు వినుట పూజ యగునా అని. రేడియోలో పనిచేయు మేము ఈ ప్రశ్నను తప్పించుకొనజాలము. ఆలయములో ఆ మేలుకొలుపు స్వామికి. ఇంటిలో ఆ మేలుకొలుపు మనకు. పాట ఒక్కటే, నిద్రించువారు మారిరి. ఇది కొంత కోత యని ఒప్పుకొనక తప్పదు. ఆలయమున ఆ పాటకు ముందును వెనుకను తలుపు తెరచుట, దీపము, హారతి ఒక క్రమముగా నడచును. రేడియోలో దానివెనుక వార్తలు వచ్చును. మరియొక చిత్రము: ధనుర్మాసములో తిరుమల ఆలయమున సుప్రభాతము పాడరు, తిరుప్పావై చెప్పుదురు. రేడియో ఆ మాసమున తిరుప్పావైని వినిపించి కాలమును కొంత పాటించినది. ఇంటి రికార్డునకు మాత్రము మాసము తెలియదు. ఏడాది పొడుగున అది స్వామిని లేపుచునే యుండును. అయినను ఒక తల్లి తన ఇంటి పనిని ఆ పాటతో మొదలిడినపుడు ఆ పనికే ఒక వేళయు, మర్యాదయు ఏర్పడినవి. పురోహితుడు రాని ఇండ్లకు, పూర్వము వాకిటనైన నిలువనీయబడనివారి ఇండ్లకు, ఆ శబ్దము అడ్డులేక పోయినది. ఆకాశమునకు ప్రాకారము లేదు గదా.

ఇట్టి మార్పు సుప్రభాతముతో ఆగలేదు. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రమునుండి భక్తిరంజని ఉదయపుటలవాటైనది. ఉషశ్రీగారు రామాయణ భారతములు చెప్పి, ‘ధర్మసందేహాలు’ కార్యక్రమములో శ్రోతల ఉత్తరములకు సమాధానములిచ్చిరి. పూర్వము రామాలయపు అరుగుపై పురాణము చెప్పు శాస్త్రిగారిని ఎదురు ప్రశ్న వేయుటకు వయసు, కులము, మగతనము కావలసి యుండెను. పోస్టుకార్డునకు అవి అక్కరలేదు. గృహిణులు, వితంతువులు, విద్యార్థులు సందేహములు వ్రాసిరి. ధర్మమును గూర్చి ప్రశ్నించు అధికారము కార్డుముక్క వెలకు దిగివచ్చినది.

తరతరాలుగా వినుచున్నామని మనమనుకొను అన్నమాచార్యుల కీర్తనల కథ మరియు చిత్రమైనది. 15వ శతాబ్దిలో 32 వేల సంకీర్తనలు రచించెనని ప్రతీతి గల ఆ మహాకవి పాటలలో లభించినవి రాగిరేకులపై చెక్కబడి, తిరుమల ఆలయములోని చిన్న గదిలో మూతబడి యుండెను. 1922 ప్రాంతమున అవి వెలుగు చూచినవి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ మొదలగు పండితులు పరిష్కరించి ప్రకటించిరి. రాళ్ళపల్లివారు పెక్కింటికి స్వరములు కూర్చిరి. 1978లో దేవస్థానమువారు అన్నమాచార్య ప్రాజెక్టు నెలకొల్పిరి. కనుక నేడు మనుమరాలు నేర్చుకొను అన్నమయ్య పాట ఆమె ముత్తవ్వకు బహుశః తెలియదు. రాగిరేకుపై సాహిత్యము ప్రాచీనము. మనము వినుచున్న వరుస 20వ శతాబ్దిది. ఇది నకిలీ కాదు. సంప్రదాయమునకు ఆధునిక కాలము సున్నము కొట్టుట మాత్రమే కాక, పూడిన గదుల తలుపులు కూడ తీయునని దీనివలన తెలియుచున్నది.

సముద్రము దాటిన తెలుగువారితో ఈ ఆచారములు కూడ దాటినవి. అమెరికాలోని పిట్స్‌బర్గులో 1977లో శ్రీ వేంకటేశ్వరాలయ ప్రతిష్ఠ జరిగినది. అచ్చటివారు తిథులను తమ ఊరి సూర్యోదయమునకు గణింపించుకొనవలెను. పండుగను చాలమారులు శని ఆదివారములకు జరుపుకొనవలెను. తిథిని సెలవునకు లొంగదీసిరని పెద్దలు నవ్వవచ్చును. పంటకోతలు ముగిసిన పిదప జాతరలు పెట్టుకొనిన మన పూర్వులును పనికి తగినట్లే దేవుని పిలిచిరి.

2020 మార్చి 20న కరోనా వ్యాధి కారణముగా తిరుమల ఆలయమున భక్తుల దర్శనము నిలిపివేసిరి. జూన్ వరకు నిత్యకైంకర్యములు ఏకాంతముగా జరిగినవి. వరుసలు లేవు, గోవిందనామము లేదు. ఆ ఏడాది ఆగస్టునుండి కల్యాణోత్సవమును ఇంటివద్దనే తెరపై చూచుచు, పట్టుబట్టలు కట్టి సంకల్పము చెప్పుకొను పద్ధతి వచ్చినది. 1963లో చెవికి తెరచిన దారిని 2020 కంటికిని, చేతికిని తెరచినది. హుండీ సైతము ఇప్పుడు ఈ-హుండీగా ఇంటికి వచ్చినది.

ఇన్ని వసతులు కలిగినను అలిపిరి మెట్లు ఖాళీ పడలేదు. రోడ్డు వేసి 80 ఏండ్లు దాటినది. బస్సు నిమిషములమీద దొరకును. అయినను ప్రతిదినము వేలమంది నడచియే ఎక్కుచున్నారు. పాదాలమండపము వద్ద స్వామి పాదుకలను తలపై పెట్టుకొని, ఒక్కొక్క మెట్టునకు పసుపు కుంకుమలు పూయుచు వంగి వంగి ఎక్కు స్త్రీలు కలరు. ఆ కుంకుమ చేతులలో సెల్‌ఫోను ఉండును. దానిలో సుప్రభాతము మ్రోగుచుండును. మోకాళ్ళపర్వతము వచ్చునప్పటికి ఫోను కొంగున ముడివేసికొని, ఆ మెట్లను మోకాళ్ళతో ఎక్కుదురు.