గుంటూరు సీమ కతోలిక దేవాలయం: కట్టడపు కాలం, సమాజపు కాలం

దక్షిణ పోలండ్‌లోని మావోపోల్‌స్కా ప్రాంతానికి చెందిన ఆరు కొయ్య దేవాలయాలను యునెస్కో 2003లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. హాచూఫ్, డెంబ్నో, బినరోవా వంటి పల్లెల్లోని ఈ గుళ్ళలో కొన్ని పదిహేనో శతాబ్ది నాటివి. దుంగలను అడ్డంగా పేర్చి, మూలల్లో గాడికోసి బిగించి, పైన చెక్క పెంకులు పరచిన నిర్మాణాలివి. అక్కడి చరిత్రకారుడికి ఒక సౌలభ్యం ఉంది. పల్లెలో విశ్వాసం ఎంత పాతదో తెలియాలంటే గుడి దూలాన్ని పరీక్షించవచ్చు. కట్టడమే అక్కడ మొదటి పత్రం.

ఇదే పద్ధతిని కొండవీడు, పల్నాడు ప్రాంతాల కతోలిక పల్లెలకు వర్తింపజేస్తే తప్పుడు ఫలితం వస్తుంది. నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు బీటలువారుతుంది. చెద, తుపాను, వేసవి అగ్నిప్రమాదం కొయ్యను మూడు తరాలు కూడా నిలవనివ్వవు. ఈ సీమలో కొయ్యపని లేకపోలేదు. అమరావతి స్తూపపు రాతి ప్రాకారంలో స్తంభానికి తొలిచిన రంధ్రాల్లోకి సూచులు దిగే తీరు, పైన ఉష్ణీషం కూర్చున్న తీరు వడ్రంగం నుండి వచ్చినవే. రాయి అనుకరించింది కనుకనే ఆ కొయ్యపని సంగతి నేడు తెలుస్తున్నది. మూలమైన కొయ్య మాత్రం మిగలలేదు. పద్దెనిమిదో శతాబ్దిలో మట్టిగోడలు, తాటిదూలాలు, పూరికప్పుతో లేచిన ప్రార్థనశాలలకు ఆపాటి అనుకరణ భాగ్యం కూడా దక్కలేదు.

ఫిరంగిపురం ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. అక్కడి బాలయేసు దేవాలయాన్ని పందొమ్మిదో శతాబ్ది చివరి దశకాల్లో మిల్‌హిల్ సభకు చెందిన థియోడోర్ డీక్‌మన్ గురువు నిర్మింపజేశారు. ఆ సభవారు తెలుగు జిల్లాలకు వచ్చింది 1875లో. ఒంగోలు ప్రాంతంలో జాన్ క్లౌ ఆధ్వర్యంలో 1878 జూలై 3న ఒకే రోజు 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన సంఘటన కూడా ఆ దశకానిదే. ఈ రెండు తేదీలు పక్కపక్కన ఉండటంతో, ఈ మైదానపు క్రైస్తవమంతా ధాత కరువుతో మొదలైనదన్న భావన సాహిత్య చరిత్రల్లోకి కూడా ప్రవేశించింది. కట్టడాన్ని చూసి సమాజానికి వయసు నిర్ణయించటమే ఈ పొరపాటుకు మూలం.

కతోలిక రెడ్డి కుటుంబాల సంప్రదాయం వారి పూర్వస్థానాన్ని రాయలసీమలో చూపుతుంది. ఫ్రెంచి జెస్విట్ల కర్ణాటక మిషన్ పద్దెనిమిదో శతాబ్ది ఆరంభంలో పుంగనూరు నుండి ఉత్తరంగా అనంతపురం ప్రాంతానికి విస్తరించింది. సంస్కృతానికీ గ్రీకు, లాటిన్ భాషలకూ ఉన్న చుట్టరికాన్ని 1767లోనే పారిస్ పండితులకు నివేదించిన కేర్దూ గురువు ఈ మిషన్‌కు చెందినవాడే. కరువులు, దండయాత్రలు తరిమితే అక్కడి కుటుంబాలు కొన్ని కొండవీటి సీమకు చేరాయి. 1773లో జెస్విట్ సభ రద్దయింది. ఆ తరువాత ఒక్కో ఊరు గురువు రాక కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసింది. ఆ వ్యవధిలో సమాజాన్ని నిలిపినవి కట్టడాలు కావు. ఉపదేశి కంఠస్థం చేయించిన జపాలు, బిడ్డకు పెట్టిన పేరు.

ఈ పేర్లను భాషాశాస్త్ర దృష్టితో పరిశీలించవలసిన అవసరం ఉంది. బైబిలు అనువాదాల్లోని పేతురు, పౌలు ఈ పల్లెల్లో రాయప్ప, చిన్నప్ప. ఇగ్నేషియస్ ఇన్నయ్య అయ్యాడు. జేవియర్ శౌరి అయ్యాడు. విష్ణునామంతో కలిసిపోయిన ఈ రూపాన్ని పరాయిదిగా ఎవరు గుర్తుపట్టగలరు? జోసెఫ్ జోజప్ప. రాయప్ప, చిన్నప్ప తమిళ కతోలిక వ్యవహారంలోనూ ఉన్నవే కనుక విశ్వాసం ఏ దారిన వచ్చిందో ఆ పేర్లు చెబుతాయి. పైగా తెలుగు చెవికి ‘రాయప్ప’లో రాయి వినిపిస్తుంది, పేతురు అన్న గ్రీకు పేరుకు అర్థం కూడా శిలే. దేవుడిని సర్వేశ్వరుడనటం, బాప్తిస్మాన్ని జ్ఞానస్నానమనటం, గురువు పాలనలోని ఊళ్ళ సముదాయాన్ని విచారణ అనటం కూడా ఈ పాత పొరకు చెందినవే. 1842లో గుంటూరు చేరిన లూథరన్ హయ్యర్ తరువాత వ్యాపించిన ప్రొటెస్టెంటు పదజాలం దీనికి భిన్నం.

ఈ పరిశీలన ఒక సాహిత్య వివాదానికి కూడా పనికివస్తుంది. పింగళి ఎల్లనార్యుని ‘సర్వేశ్వర మాహాత్మ్యము’ (తోభ్య చరిత్రము) రచనాకాలాన్ని పదిహేడో శతాబ్ది ఆరంభానికి జరిపినవారున్నారు. కృతిపతి తుమ్మ వంశీయుడైన రాయపరెడ్డి. కృతిపతి పేరే ఇక్కడ సాక్ష్యం. రెడ్డి కుటుంబంలో ‘రాయప’ అన్న పేరు స్థిరపడాలంటే జ్ఞానస్నానం, పేరు పెట్టే ఆచారం అప్పటికే ఇంట్లో వేళ్ళూనుకొని ఉండాలి. 1598లో జెస్విట్లు చంద్రగిరి ఆస్థానానికి వచ్చిన మాట నిజమే కాని, రాయలసీమ రెడ్ల గ్రామాల్లో నిలకడైన సమాజాలు ఏర్పడింది కర్ణాటక మిషన్ తరువాతనే. అందుచేత ఈ ప్రబంధాన్ని పద్దెనిమిదో శతాబ్దిలో, మంగళగిరి ఆనందకవి ‘వేదాంత రసాయనము’ పక్కన ఉంచి చదవటమే సమంజసం. అలా చదివినప్పుడు ఈ రెండూ ఒంటరి వింతలుగా కాక, పూరికప్పు గుళ్ళలో జపాలు వింటున్న పాఠకవర్గం కోసం పుట్టిన కావ్యాలుగా కనిపిస్తాయి. ఆ గుళ్ళ ఆకృతి గురించి కావ్యాలు ఏమీ చెప్పకపోవటంలో ఆశ్చర్యం లేదు. ప్రబంధకవికి పురవర్ణనలో మేడలు కావాలి గాని తాటిదూలాలు ఎందుకు?

పందొమ్మిదో శతాబ్ది సున్నపు గోడల గుళ్ళు కూడా ఇప్పుడు ఒక్కొక్కటిగా కూలి, సిమెంటు దేవాలయాలకు చోటిస్తున్నాయి. కొత్త శంకుస్థాపన ఫలకం మీద కొత్త సంవత్సరం పడుతుంది. ఆ తేదీని ఊరి క్రైస్తవ చరిత్రకు ఆరంభంగా నమోదు చేసే పరిశోధకుడు, అదే ఆవరణలోని సమాధుల మీద రాయప్ప, ఇన్నయ్య, శౌరమ్మ అన్న పేర్లను కూడా నమోదు చేసుకోవాలి. పద్దెనిమిదో శతాబ్దిలో దక్షిణానికి వలసపోయిన తెలుగు కతోలిక కుటుంబాలు మద్రాసు సమీపంలోని కీళచ్చేరిలో స్థిరపడ్డాయి. గుంటూరు సీమ పేర్లను అక్కడి పేర్లతో పోల్చే పని ఇంకా మిగిలే ఉంది.