అట్టలేని పత్రిక

గ్రంథాలయ చరిత్రలు వ్రాయువారు సామాన్యముగా గ్రంథములనుగూర్చియే వ్రాయుదురు. ఏ దాత ఎన్ని బీరువాలొసగెను, ఏ నవలను ఎందరు చదివిరి, ఏ పురాణమునకు ఎన్ని ప్రతులున్నవి అను విషయములు లెక్కకెక్కును. బాలురు పెద్దల కంటబడకుండ చదివిన కాగితముల లెక్క మాత్రము ఎచ్చటను దొరకదు. ఈ రజతోత్సవ సంచికకు హైదరాబాదు పాతబస్తీనుండి ఒక చరిత్రవ్యాసము కావలెనని కార్యనిర్వాహకులు నన్ను కోరినప్పుడు, నేను చార్మినారునుగూర్చియో, మూసీనది వరదలనుగూర్చియో వ్రాయుదునని వారు తలచియుందురు. వానినిగూర్చి వ్రాయజాలిన పండితులు పెక్కుమంది కలరు. నేను వ్రాయబూనినది ఒక వీడియో ఆటల పత్రికనుగూర్చి. దానికిని ఈ గ్రామమునకును గల సంబంధము ముందుముందు తెలియగలదు.

పాతబస్తీ చదువరుల బస్తీ. మా ఇల్లు లాల్‌దర్వాజా ప్రాంతమున నుండెను. అచ్చటికి చేరువనున్న శాలిబండలో 1895లోనే భారత గుణవర్ధక సంస్థ అను పేర మరాఠీ గ్రంథాలయము వెలసినది. నదికి ఆవలి ఒడ్డున అఫ్జల్‌గంజిలో నున్న పెద్ద గ్రంథాలయము 1891లో ఆసఫియా గ్రంథాలయముగా ఆరంభమై, 1936లో ఇప్పటి భవనమునకు మారినది. ఇంకను కొంత దూరము పోయినచో, 1901 సెప్టెంబరు 1వ తేదీన రెసిడెన్సీ బజారులో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వేంకట రంగారావు మున్నగువారు స్థాపించిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము కలదు. ఉర్దూ, మరాఠీ, తెలుగు భాషల పుస్తకములకు ఈ విధముగా నెలవులు దొరికినవి. కాని 1990 తరువాత మా వీధిబాలురు వెదకిన చదువునకు వీనిలో నెలవు లేకుండెను.

ఆ చదువు పుట్టుక విచిత్రమైనది. 1972లో అమెరికాలో పాంగ్ అను ఆటయు, 1978లో జపానున స్పేస్ ఇన్వేడర్స్ అను ఆటయు, 1980లో పాక్‌మాన్ అను ఆటయు వెలువడి లోకమునందలి యువజనులను తెరముందు కూర్చుండబెట్టెను. ఆటలు పెరిగిన కొలది వానినిగూర్చి చెప్పువారును కావలసివచ్చిరి. 1981లో బ్రిటనున కంప్యూటర్ అండ్ వీడియో గేమ్స్, అమెరికాలో ఎలక్ట్రానిక్ గేమ్స్ అను పత్రికలు ప్రారంభమైనవి. 1983లో అమెరికాలో ఈ వ్యాపారము కుప్పకూలగా, ఎలక్ట్రానిక్ గేమ్స్ రెండేండ్లలో నిలిచిపోయినది. అదే 1983లో జపానునందు నింటెండో సంస్థ ఫామికామ్ అను గృహయంత్రమును విడుదలచేసెను. దానివెంట 1986లో ఫామిట్సు పత్రిక జపానునను, 1988లో నింటెండో పవర్ పత్రిక అమెరికాలోను పుట్టినవి.

ఆటకు పత్రిక ఏల అని మీరు అడుగవచ్చును. ఆ కాలపు ఆటలలో రహస్యములు దాచుట ఒక విద్య. ఒక గోడలో దారి యుండును. ఒక దిమ్మెపై వంగి కూర్చున్నచో మరియొక లోకము తెరచుకొనును. చెప్పువారు లేనిదే ఇవి బోధపడుట కష్టము. అమెరికాలోని బాలురకు నింటెండో సంస్థవారు టెలిఫోనుమీద సలహాలు చెప్పుచుండిరి. మనకు ఆ వసతి లేదు. పాతబస్తీకి చేరినవి అసలు యంత్రములు కావు, వానికి చైనా, తైవాను దేశములలో తయారైన అనుకరణలు. వాని క్యాసెట్లపై వందల ఆటలున్నవని వ్రాసియుండును. పెట్టి చూచినచో పట్టుమని పది ఆటలే పేర్లు మార్చుకొని తిరిగి తిరిగి వచ్చుచుండును. వానితో సూచనల పుస్తకము రాదు. కావున బజారుమాటయే మాకు శాస్త్రము. కాంట్రా అను ఆటలో మీద, మీద, క్రింద, క్రింద, ఎడమ, కుడి, ఎడమ, కుడి అని నొక్కి, ఆపై బి, ఎ మీటలు నొక్కినచో 30 ప్రాణములు లభించునను మంత్రమును మేము ఎక్కమువలె వల్లెవేసితిమి. ఇది కజుహిసా హషిమోతో అను జపాను శిల్పి 1986లో గ్రాడియస్ అను ఆటను పరీక్షించునప్పుడు, అది తనకే కఠినముగా తోచుటచేత, తన సౌకర్యముకొరకు చేర్చుకొన్న ఉపాయమని చాలకాలమునకు తెలిసినది. అచ్చుపుటలనుండియో, నోటిమాటగనో అది ప్రపంచమంతయు తిరిగి మా గల్లీకి వచ్చినది.

మా ఇంట యంత్రము లేదు. వీధిమూలనున్న దుకాణమున గంటకు ఇంత అని రుసుమిచ్చి ఆడవలసినదే. ఆడువాడొకడు, చూచువారు పదిమంది. ఆ గంట వృథాపోకుండ తెలివి సంపాదించుట మా సమస్య. 1994లో, నా పదవయేట, ఒక ఆదివారమునాడు నాయనగారితో కూడ శాలిబండ, చార్మినారు, గుల్జార్‌హౌజు, పత్తర్‌గట్టి, నయాపూలు మీదుగా నడచి అబిడ్సుకు పోతిమి. ఆదివారము దుకాణములు మూసియుండగా, వాని ముందటి కాలిబాటపై పాతపుస్తకములవారు పట్టాలు పరచి కూర్చుండెదరు. నాయనగారు ఒక ఆంగ్ల నిఘంటువుకొరకు బేరమాడుచుండగా, నాకు కాళ్ళయొద్ద అట్టయూడిన పత్రిక యొకటి కానవచ్చెను. లోపలి పుటనిండ మారియో బొమ్మ. ఎనిమిది రూపాయలు. నాయనగారు పుటలు త్రిప్పి, “ఇందులో చదువేమున్నదిరా?” అని అడిగిరి. “ఇంగ్లీషున్నది నాయనా” అంటిని. అది అబద్ధము కాదు గనుక కొనియిచ్చిరి.

అది నింటెండో పవర్ పత్రిక. పేరు తెలిసినది గాని, అట్టలేకపోవుటచే ఏనెల, ఏయేటి సంచికయో తెలియలేదు. అందు మారియో మూడవ ఆటనుగూర్చిన పుటలు, దారుల పటములు నుండెను. నెస్టర్ అను అతిశయము గల బాలుడును, వానికి బుద్ధిచెప్పు హోవర్డ్ అను వాడును గల బొమ్మలకథ యుండెను. అధికాంకములు సాధించిన పాఠకుల పేర్లుండెను. వారు తమ టెలివిజను తెరను ఛాయాచిత్రము తీసి సాక్ష్యముగా పంపవలెనట! మేము ఆ పేర్లను కూడ చదివితిమి. చదువుటకు మరియేమియు లేనప్పుడు ప్రకటనలను, చిరునామాలను సైతము విడువలేదు. అదేదినమున కొన్న నిఘంటువు ప్రక్కన పెట్టుకొని, ఒక్కొక్క వాక్యమునకు అర్థము కూడబలుకుకొంటిని. పాఠశాలలో నాకు పట్టుబడని ఆంగ్లము ఆ పుటలలో పట్టుబడినది. దానికి కారణము సులభము: ఆ వాక్యము తెలియకున్న నా మారియో గోతిలో పడును.

ఆ వేసవిలో పత్రికను సంచిలో పెట్టుకొని ఈ గ్రామమునకు, అమ్మమ్మగారింటికి వచ్చితిని. ఇచ్చట అప్పటికి రెండు మూడిండ్లలో టెలివిజను కలదు. ఆటయంత్రము ఏ ఇంటను లేదు. నా యీడు పిల్లలు రావిచెట్టు క్రింద నా చుట్టు మూగిరి. నేను చదివి తెలుగు చెప్పుచుంటిని. మూడవ దినమున వారిలో ఒకడు, “ఈ పటమును నేలమీద వేసినచో మనమే ఆడవచ్చును గదా” అనెను. వాని చెల్లెలు ఇంటినుండి ముగ్గుపిండి తెచ్చెను. ఎడారి, సముద్రము, మబ్బులలోకము, మంచులోకము ఒకదానివెంట నొకటి చెట్టుక్రింద వెలసినవి. గవ్వలు వేసి, పడిన పందెమును బట్టి నడచుట. గోతిగడిలో కాలుపెట్టినవాడు మొదటికి పోవుట. అష్టాచెమ్మా ఎరిగిన పిల్లలకు ఈ విధులు ఒక పూటలో వచ్చినవి. యంత్రము చూడని ఆ పిల్లలు ఆ ఆటను మా దుకాణపు పిల్లలకంటె ఎక్కువ దినములు ఆడిరి. వారికి గంటరుసుము లేదు గదా! నేను తిరిగి పోవు నాటికి ఆ బాలుడు పటములన్నిటిని రూళ్ళపుస్తకమున రంగు పెన్సిళ్ళతో ఎత్తి వ్రాసికొనెను. క్రింద నేను చెప్పిన తెలుగు వివరణలను గుండ్రని అక్షరములతో వ్రాసెను.

తరువాతి చరిత్ర త్వరగా చెప్పవచ్చును. నగరమున ఇంటర్నెట్టు దుకాణములు వెలసినవి. 2001నుండి డిజిట్ అను ఆంగ్ల మాసపత్రిక పలకలతో కూడ వచ్చి ఆటల రుచి చూపెను. స్కోర్ అను పేర ఆటలకే ప్రత్యేకమైన పత్రికయు మనదేశమున వెలువడినది. తెలుగున నల్లమోతు శ్రీధర్‌గారి సంపాదకత్వమున కంప్యూటర్ ఎరా పత్రిక యంత్రవిజ్ఞానమును ఇంటింటికి తెచ్చినది. పిమ్మట రహస్యములన్నియు క్షణములో తెరమీదనే దొరకుచుండగా, అచ్చుపత్రికలకు ఆదరణ తగ్గినది. నింటెండో పవర్ 2012 డిసెంబరు సంచికతో ముగిసినది. అంతకు పూర్వమే నా పత్రికయు ముగిసినది. ఇల్లు మారు సమయమున మా వారు పాతకాగితములతోపాటు దానిని రద్దీవానికి తూకమునకు వేసిరి. అప్పటికి నా యొద్ద అటువంటి సంచికలు ఇరువదివరకు చేరియుండెను. అంతకు ముందొకసారి వానిని నగరములోని ఒక గ్రంథాలయమునకు ఇచ్చుటకు తీసికొని పోగా, ఇవి పుస్తకములు కావని త్రిప్పి పంపిరి. వారిని నిందింపను, నేనును ఆనాడు గట్టిగా బదులు చెప్పలేకపోతిని.

ఈ నష్టము నా ఒక్కనిది కాదు. అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అను సంస్థ భాగస్వామ్యమున జరిగిన పరిశీలనలో, ఆ దేశమున 2010కి పూర్వము వెలువడిన ఆటలలో నూటికి 87 అంగడిలో దొరకుటలేదని 2023లో తేలినది. ఆటలే నశించిన చోట వాని ముచ్చట తెలుపునవి పత్రికలే. ఇంటర్నెట్టుననున్న వ్రాతలు శాశ్వతములనుకొనుటయు పొరపాటు. 1991లో పుట్టిన గేమ్ ఇన్‌ఫార్మర్ పత్రికను 2024 ఆగస్టులో మూసివేసినప్పుడు, దాని ఇంటర్నెట్టు వ్యాసములన్నియు ఆ దినముననే అదృశ్యమైనవి. మరుసటియేట కొత్త యజమానులు దానిని పునరుద్ధరించిరి గాని, కాగితపు ప్రతులు దాచుకొన్నవారికి ఆ భయమే లేకపోయెను. పైన చెప్పిన సంస్థ 2025 జనవరిలో, ఆగిపోయిన పాతపత్రికలు 1500 సంచికలకు మించి ఛాయాప్రతులు తీసి అందరికిని చదువ నిచ్చినది.

ఆ వార్త చదివిననాడు నా పత్రికను గుర్తింపవలెనను కోరిక కలిగినది. కాని ముప్పదియేండ్లనాటి జ్ఞాపకము సాక్ష్యము కాజాలదు. ఏ పుట ఎచ్చటనున్నదో నాకే సందేహము. అప్పుడు ఈ గ్రామము జ్ఞప్తికి వచ్చినది. రూళ్ళపుస్తకము వ్రాసిన మిత్రుడు ఇప్పుడును ఇచ్చటనే యున్నాడు. అడుగగా అతడు నవ్వి నన్ను ఈ గ్రంథాలయమునకు తోడుకొని వచ్చెను. ఇరువదియైదేండ్ల క్రిందట గ్రంథాలయము ప్రారంభమైనప్పుడు ఇంటింటనుండి పుస్తకములు యాచించిరి. అతని ఇంట ఇచ్చుటకు వేరు పుస్తకము లేక దానినే ఇచ్చెనట. ఆనాటి గ్రంథాలయాధికారిగారు దానిని త్రోసిపుచ్చలేదు. జాబితా పుస్తకమున “ఆటల పటములు, చేవ్రాత, ఒక ప్రతి” అని వ్రాసి, సంఖ్య వేసి, బీరువాలో నుంచిరి. ఆ పటములను ఛాయాప్రతులతో సరిపోల్చగా, నా అట్టలేని పత్రిక 1990వ సంవత్సరపు తొలినెలల సంచిక యని నిశ్చయమైనది. నగరమున పోయిన దానికి ఆధారము గ్రామమున దొరకినది.

1934లో సురవరము ప్రతాపరెడ్డిగారు గోలకొండ కవుల సంచికను ప్రకటించి, తెలంగాణమున కవులు లేరన్నవారికి 354 మంది కవులను చూపిరి. వారు చేసినది ప్రధానముగా సేకరణయే: ఎవరును లెక్కింపని దానిని లెక్కించి, అచ్చున నిలుపుట. 1945లో బాలయు, 1947 జులైలో చందమామయు మద్రాసునుండి వెలువడుచుండగా, వానిని చిరుగకుండ దాచినవారు ఎందరు? అట్లు దాచినవారి వలననే నేడు ఆ సంపుటములు మనకు లభించుచున్నవి. నేటి పిల్లలు చదువుచున్న దానిలో ఏది రేపటి చరిత్రయో మనము ముందుగా నిర్ణయింపజాలము. కావున ఈ ఉత్సవ సందర్భమున నా మనవి ఒక్కటియే. బాలురు తెచ్చియిచ్చు పత్రికలకు, చేవ్రాతలకు ఒక అర కేటాయింపుడు; అవి అట్టలేనివైనను జాబితాలో సంఖ్య వేయుడు. ఆ అర ఆరంభమునకు నా వంతుగా, ఈ నడుమ మరల సంపాదించిన పాతసంచికలు ఐదింటిని ఈ వ్యాసముతో కూడ పంపుచున్నాను. ఈసారి ఇవి త్రిరిగి రావని నా నమ్మకము.

ఒక చేవ్రాత పుస్తకమునకు చోటిచ్చిన ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును జరుపుకొని చిరకాలము వర్ధిల్లుగాక!