మా వాడి ఫేడ్ కటింగూ, తాతమ్మ ముసుగూ

మొన్న ఆదివారం మా చిన్నాడిని ఉప్పాడలో సెలూన్‌కి తీసుకెళ్ళాను. వాడికి ఫేడ్ కావాలట. అమెరికాలో సైనికుల క్రాఫుగా మొదలై, నల్లజాతివారి సెలూన్లలో కొత్త అందం తెచ్చుకుని, ఇప్పుడు మా సముద్రపొడ్డుకీ వచ్చేసింది.

ఖాళీగా కూర్చోలేక ఆ అబ్బాయి చేతులే చూశాను. అడుగున సున్నా, దానిపైన ఒకటో నంబరు, ఆపైన రెండు. ఒకటంటే మూడు మిల్లీమీటర్లు, రెండంటే ఆరు. నంబరుకీ నంబరుకీ మధ్య గీత మిగలకూడదు, అదే పనితనం. మిషన్ పైకి పోయేకొద్దీ మణికట్టు తిప్పి తలకి దూరం చేస్తున్నాడు. మన ఉప్పాడ జాంధానీ నేతలాగే, ఇదీ ఓపికతో వచ్చే విద్య.

కరెంటు మిషన్‌కి లియో వాల్ అనే అమెరికన్ పేటెంటు తీసుకున్నది 1919 ప్రాంతంలో. మన ఊళ్ళలో మాత్రం చాలాకాలం కత్తి, కత్తెర, పొదీ. నాయీబ్రాహ్మణులు ఇంటింటికీ వచ్చేవారు, పంటకి ధాన్యం కొలిపించుకునేవారు. వాళ్ళ ఆడవాళ్ళే మంత్రసానులు, మగవాళ్ళే పెళ్ళిలో సన్నాయి వాయించేవారు. పురిటికీ పెళ్ళికీ ఆ చేతులే. భర్త పోతే ఆడదాని జుట్టు తీయడానికీ ఆ చేతులనే పిలిచేవారు.

రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం చేశారు. 1890లో బొంబాయిలో నారాయణ మేఘాజీ లోఖండే పూనికతో క్షురకులే సమావేశమై, ఇక వితంతువుల తలలు గొరగబోమని తీర్మానించారు. చదివినప్పుడు నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఆ పని వాళ్ళకీ ఇష్టం లేదన్నమాట!

మా తాతమ్మకి ఆ తీర్మానం అందలేదు. ఇరవై రెండేళ్ళకే గుండు, ఆపైన జీవితమంతా తలమీద ముసుగు. తర్వాత ఆవిడ కొడుకు, అంటే మా తాతయ్య పోయారు. పదోరోజున బంధువులు క్షురకుణ్ణి పెరట్లోకి పిలిపించారు. అమ్మమ్మ వణుకుతూ కూర్చుంది. తాతమ్మ లేచి వచ్చి, ముసుగు తీసేసి, అందరి ముందూ అందిట:

"ఈ ఇంట్లో ఇది నా తలతోనే సరి. నువ్వెళ్ళు నాయనా."

ఆయన కత్తి పొదిలో పెట్టుకుని, "బతికించావు తల్లీ" అని వెళ్ళిపోయాడట. అమ్మకప్పుడు పదేళ్ళు. గుమ్మం చాటునుంచి చూసింది.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు, ఆ వీధిని సముద్రం తినేసింది. అమ్మమ్మ జడ మాత్రం చివరిదాకా ఉంది. తెల్లబడినా రోజూ కొబ్బరినూనె రాసుకుని దువ్వుకునేది.

"బాగుందా అమ్మా?" అన్నాడు మావాడు అద్దంలో చూసుకుంటూ. బాగుందన్నాను. ఇష్టపడి కత్తిరించుకున్న జుట్టు ఎలా ఉన్నా అందమే. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు ఉంటే ఓసారి అడగండి, వాళ్ళ ముసుగుల వెనక ఏముందో.