కేర్ హోమ్ అలారంలు: బ్రిటన్ అగ్నిమాపక దళాల స్పందన

వృద్ధులు, మంచం దిగలేనివారు ఉండే కేర్ హోమ్‌లో ఫైర్ అలారం మోగింది. నిప్పును ఎవరూ కళ్లారా చూడలేదు. ఫైరింజను బయల్దేరాలా, ‘చూసి చెప్పండి’ అనాలా? బ్రిటన్ అగ్నిమాపక దళాలను ఈ ప్రశ్న ఏళ్ల తరబడి వెంటాడింది.

చిక్కు పరికరంలోనే ఉంది. 1930ల చివర్లో స్విట్జర్లాండ్ భౌతిక శాస్త్రవేత్త వాల్టర్ యేగర్ విషవాయువును పసిగట్టే యంత్రం చేయబోయాడు. అది పనిచేయలేదు. విసుగుపుట్టి సిగరెట్ వెలిగించుకుంటే మీటరు ముల్లు కదిలిందని చెబుతారు. పొగ డిటెక్టర్‌కు దారి తీసింది ఆ ముల్లే. అయితే ఏ పొగ ఎక్కడిదో డిటెక్టర్‌కు తెలియదు. మాడిన రొట్టె, స్నానాల గది ఆవిరి, స్ప్రే డబ్బా, మరమ్మతుల దుమ్ము, దేనికైనా మోగుతుంది. రోజంతా వంటా స్నానాలూ సాగే కేర్ హోమ్‌లో ఇవన్నీ మామూలే. అలారం ‘నాన్నా పులి’ కథలా తయారైంది.

1974 డిసెంబరు 15న నాటింగ్‌హామ్‌షైర్‌లోని ఎడ్వాల్టన్‌లో ఫెయిర్‌ఫీల్డ్ వృద్ధాశ్రమం తగలబడి 18 మంది చనిపోయారు. పైకప్పు కింది ఖాళీల్లోంచి మంట పాకింది. భవనాలు ఎలా కట్టాలన్న చర్చ అప్పుడే బలపడింది. అగ్నిమాపక దళానికి ఫోన్ ఎప్పుడు చేయాలన్న చర్చకు మాత్రం మరో విషాదం కావలసి వచ్చింది.

2004 జనవరి 31, స్కాట్లండ్‌లోని అడింగ్‌స్టన్. రోజ్‌పార్క్ కేర్ హోమ్‌లో తెల్లవారుజామున 4:28కి అలారం మోగింది. రాత్రి డ్యూటీలో ఉన్నది నలుగురు. ముందు నిప్పు ఉందో లేదో చూసుకుని, తర్వాతే అత్యవసర నంబరు 999కి చెప్పడం అక్కడి అలవాటు. అలారం ప్యానెల్ చూపిన జోన్ ఏ చోటుదో పోల్చుకోలేక వేరే చోట వెతికారు. నిప్పు కారిడార్‌లోని అల్మారాలో, కరెంటు పంపిణీ పెట్టె దగ్గర పుట్టింది. ఫోన్ వెళ్లేసరికి 4:37 అయింది. తలుపులు తెరిచి ఉన్న పడకగదుల్లోకి పొగ నిండింది. మొత్తం 14 మంది చనిపోయారు. న్యాయమూర్తి (షెరిఫ్ ప్రిన్సిపల్) బ్రయన్ లాక్‌హార్ట్ విచారణ నివేదిక 2011లో వెలువడింది. తగిన అగ్నిభద్రతా ప్రణాళిక ఉండి ఉంటే ప్రాణాలు దక్కేవని దాని సారం. ఆ తొమ్మిది నిమిషాలను సిబ్బంది తప్పుగా మాత్రమే చూస్తే పొరపాటే. వాళ్లు చేసింది తమకు అలవాటైన పనే.

రోజ్‌పార్క్ విషాదం ప్రభావం ప్రమాణాల్లో కనిపిస్తుంది. ఫైర్ అలారంల బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 5839-1, 2013 కూర్పులో ఒక సిఫారసు చేర్చింది: కేర్ హోమ్ అలారం సంకేతం ఆలస్యం లేకుండా, దానంతటదే అలారం పర్యవేక్షణ కేంద్రానికి చేరాలి. ఫోన్ ఎత్తే మనిషి కోసం ఆగనక్కర్లేదన్నమాట.

మరోవైపు ఉత్తుత్తి అలారంల భారం పెరుగుతూ వచ్చింది. వాటి వెంట పరుగెత్తిన బండి అసలు ప్రమాదానికి అందదు. శిక్షణకూ తనిఖీలకూ సమయం చాలదు. స్కాట్లండ్ అగ్నిమాపక దళం 2020 మేలో, కోవిడ్ రోజుల్లో, ఆటోమేటిక్ అలారంకు తొలుత ఒక్క బండినే పంపడం మొదలుపెట్టింది. 2023 జూలై 1 నుంచి ఇంకో అడుగు వేసింది: దుకాణాలు, ఆఫీసులు, ఫ్యాక్టరీల అలారంలకు నిప్పు ఖాయమైతేనే వెళ్తుంది. ఆ భవనాల్లో అలారం మోగితే బాధ్యుడైన మనిషి వెళ్లి చూడాలి, పొగో మంటో కనబడితే 999కి చెప్పాలి. లండన్ దళం 2024 అక్టోబరు 29 నుంచి ఉదయం 7 నుంచి రాత్రి 8:30 వరకు ఇలాంటి నియమమే పెట్టుకుంది.

రెండుచోట్లా మినహాయింపు ఉంది. జనం నిద్రపోయే భవనాలు, వాటిలో కేర్ హోమ్‌లు, ఈ నియమం కిందికి రావు. ఆఫీసులో అలారం మోగితే ఉద్యోగులు మెట్లు దిగి బయట నిలబడతారు, ఒకరు చూసి వస్తారు. కేర్ హోమ్‌లో ఆ ఒకరు రాత్రి పూట దొరకడమే కష్టం. దొరికినా అతని మొదటి పని వెతకడం కాదు, మంచాల మీది వారిని అగ్నినిరోధక తలుపు దాటించి, అదే అంతస్తులోని పక్క భాగానికి చేర్చడం.