ఊపిరి రోగుల చిట్టాలు

1952 డిసెంబరులో దట్టమైన పొగమంచు లండన్‌ను కమ్మేసి వేలమందిని బలి తీసుకుంది. దీర్ఘకాల బ్రాంకైటిస్ ఉన్నవాళ్లు ఎక్కువగా దెబ్బతిన్నారు. కొన్నేళ్లకు సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో ప్యాట్రిక్ లాథర్ బృందం అలాంటి రోగుల చేతికి చిన్న డైరీలిచ్చింది. రోజూ రాయాల్సింది ఒక్కటే: ఇవాళ నయంగా ఉందా, ఎప్పటిలాగే ఉందా, ముదిరిందా?

గాలిలో పొగ, సల్ఫర్ డయాక్సైడ్ బాగా పెరిగిన రోజుల్లో ‘ముదిరింది’ అన్న జవాబులూ పెరిగాయి.

మరి ఏ మందు ఎవరికి పనిచేస్తుందో రోగి మాటలు చెప్పగలవా? 1987లో కెనడా వైద్యుడు నికొలస్ ఆంథొనిసెన్ బృందం దీనికి జవాబు చూపింది. 173 మంది రోగుల్లో జబ్బు ముదిరిన 362 సందర్భాలను పరిశీలించింది. యాంటీబయాటిక్ వాడినప్పుడు 68 శాతం, ఉత్తుత్తి మాత్ర ఇచ్చినప్పుడు 55 శాతం సందర్భాల్లో గుణం కనిపించింది. ఆయాసం ఎక్కువవడం, కఫం పెరగడం, అది చీములా మారడం అనే మూడు లక్షణాలూ కలిసి వచ్చినవాళ్లకే మందు బాగా పనిచేసింది. ఒక్క లక్షణమే ఉన్నవాళ్లలో పెద్ద తేడా లేదు. యాంటీబయాటిక్ ఎవరికివ్వాలో తేల్చడానికి వైద్యులు ఇప్పటికీ ఆ మూడు లక్షణాల గురించి అడుగుతారు.

1990లలో తూర్పు లండన్‌లో జాద్విగా వెడ్జిచా బృందం సీఓపీడీ (దీర్ఘకాల బ్రాంకైటిస్ వంటి, ఊపిరి ఆడనివ్వని దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు) రోగులతో రోజూ డైరీ కార్డులు నింపించింది. జబ్బు ముదిరిన సందర్భాల్లో దాదాపు సగం వైద్యుల దాకా రానేలేదని వాటివల్ల బయటపడింది. లక్షణాలు మొదలైన వెంటనే చికిత్స అందినవాళ్లు త్వరగా తేరుకున్నారని 2004లో అదే బృందం ప్రకటించింది.

తర్వాత కాగితం స్థానంలోకి ఎలక్ట్రానిక్ డైరీ వచ్చింది. ‘ఎగ్జాక్ట్’ అనే 14 ప్రశ్నల డైరీని రోగులు రోజూ రాత్రి పడుకునే ముందు నింపుతారు. కొత్త మందుల పరీక్షల్లో దాన్ని వాడుతున్నారు.